చేపల పెట్టె మీంచి

మంగమారిపేట దాటాక
రోడ్డు సముద్రాన్ని వదిలి కాస్త లోపలికి తిరిగే చోట
ఆ రేకుల షెడ్డు ఇంకా ఉంది.
ఆటో దిగి, డబ్బులిచ్చి,
చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు నటిస్తూ
ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను.

మూడేళ్ళు.
కుడి తుంటిలో ఒక పలక, మూడు స్క్రూలు.
కేజీహెచ్‌లో డాక్టరు ఎక్స్‌రేని కిటికీకి ఆనించి చూపిస్తుంటే
నా ఎముక వెనకాల
లంగరేసిన ఓడ ఒకటి కనిపించింది.
ఆయన స్క్రూల గురించి చెప్తున్నాడు,
నేను ఓడని చూస్తున్నాను.

అది నయమయ్యేలోపు చెవిలో ఏదో చెడింది.
మంచం మీద పక్కకి ఒత్తిగిలితే
ఇల్లు తిరగలి అయ్యేది.
వంగి బియ్యం డబ్బా తీయలేను,
బస్సులో కిటికీ పక్కన కూర్చోలేను.
సింహాచలం మెట్ల దగ్గర
"మీరెళ్ళి రండి, చెప్పులు నేను చూస్తాను" అన్నాను.
చెప్పులకి కాపలా కాసిన ఆ రెండు గంటల్లోనే అనుకుంటా
నాలో గుర్రమెక్కే మనిషి
చెప్పకుండా వెళ్ళిపోయింది.

పడిన రోజు మాత్రం ఒక్క క్షణమూ చెరగలేదు.
తడి ఇసక. దౌడు. గాలికి లేచిన నీలం టార్పాలిన్.
తర్వాత ఆకాశం,
దాని మధ్యలో మిరియం మొహం,
నేనెందుకు కింద ఉన్నానో అర్థం కానట్టు
నా మీదకి వంగి.

షెడ్డులోంచి ఉలవలు ఉడుకుతున్న వాసన.
అసిరయ్య చేతిలో బకెట్టు కింద పెట్టలేదు.
"వచ్చినారా" అన్నాడు,
నిన్న సాయంత్రం వెళ్ళిన మనిషితో అన్నట్టు.

మిరియానికి ఎడమ కన్ను పోయింది.
గంజి మీద పొర కట్టినట్టు తెల్లగా ఉంది.
"ఏటి సేస్తామమ్మా. గుర్రం గుడ్డిదైనా
దాణాకి తక్కువ లేదు" అని నవ్వి,
ఎవరో కొంటామంటే ఇవ్వలేదన్న సంగతి
గోడకి చెప్తున్నట్టు చెప్పాడు.

మొదటి ఆదివారం తాకి వచ్చేశాను.
రెండో ఆదివారం జీను మీద కూర్చున్నాను,
"దించెయ్యి, దించెయ్యి" అన్నాను.
మూడో ఆదివారం వాన.
హాయిగా అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది.

ఇవాళ నాలుగోది.
మెట్టు లేదు. అసిరయ్య చేపల పెట్టె బోర్లించాడు.
జీను పట్టీ బిగిస్తే
పాత గుర్తు దాటి రెండు రంధ్రాలు లోపలికి వెళ్ళింది.
ఇదీ చిక్కిందన్నమాట.
ఎక్కేది దానికి కనపడని వైపు నుంచే.
ఎడమ కాలు రికాబులో పెట్టాను.
ఇక కుడికాలు ఎత్తాలి, అంతే.
కుడికాలు.

"బయమేస్తే దానికే సెప్పండమ్మా.
దాస్తేనే దానికి కోపం."
మెడ మీద చెయ్యి వేసి చెప్పాను,
ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే గొంతుతోనే:
నాకు తల తిరుగుతుంది.
నీకు ఎడమ పక్క కనపడదు.
ఎడమ పక్క నేను చూస్తాను.
నువ్వు తిన్నగా నడువు.

ఒక చెవి వెనక్కి తిప్పింది.

అడుగు.
కాళ్ళ మధ్య పెద్ద వెచ్చటి ఊపిరి.
లోకం ఊగింది. కానీ ఈసారి ఊగడానికి
దానికో కారణం ఉంది, నాలుగు డెక్కలున్నాయి.
తాటిదుంగ దాటాం. వలలు ఎండేసిన గట్టు దాటాం.
ఎడమ నుంచి కుక్క వస్తుంటే "కుక్క" అన్నాను.
మిరియం ఆగింది.
కుక్క వెళ్ళింది. మేమూ వెళ్ళాం.

అల తడిపే చోటుకి ఇంకా ఇరవై గజాలుంది.
పగ్గం లాగి ఆపాను.
"తిప్పీమంటారా?" అన్నాడు వెనకనుంచి అసిరయ్య.
ఉండమన్నాను.
గాలికి దాని జూలూ నా చున్నీ
ఒకేవైపు కొట్టుకుంటున్నాయి.

చేతిలో ఐస్ పుల్ల పట్టుకున్న పిల్లాడొకడు
పరుగెత్తుకొచ్చి అడిగాడు,
"ఆంటీ, ఒక రౌండు ఎంత?"

నాకు తెలీదన్నాను.
వాడు నమ్మలేదు.